పిల్లలు, పెద్దవాళ్లతో రెండు రోజులు సముద్రం దగ్గర: బాపట్ల–చీరాల తీరానికి పూర్తి ప్లాన్

"వైజాగ్ కాకుండా, జనం తక్కువగా ఉండే బీచ్ ఏదైనా ఉందా? ఇంట్లో పెద్దవాళ్లున్నారు, చిన్నపిల్లలున్నారు. శని, ఆదివారాల్లో వెళ్లి వచ్చేయాలి." చుట్టాల్లో, ఆఫీసులో ఈ ప్రశ్న నన్ను అడగని వాళ్లు తక్కువ. బీచ్ పేరు చెప్పి ఊరుకుంటే మాత్రం వాళ్లకు మేలు జరగదు. పేరు విని బయల్దేరినవాళ్లు ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ దిగుతారు. ఇసుక కాలుతూ ఉంటుంది, నీడ ఉండదు, బట్టలు మార్చుకునే చోటు ఉండదు. మేమూ మొదటిసారి అలాగే వెళ్లి, గంటలో తిరుగుముఖం పట్టాం.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: ఒకే ఊరు, ఒకే గది, రోజుకు రెండుసార్లే సముద్రం. తెల్లవారుజామున ఒకసారి, ఎండ తగ్గాక ఇంకోసారి. మధ్యలో తిండి, నిద్ర, కబుర్లు. కింద చెప్పినవన్నీ ఈ పద్ధతి చెడిపోకుండా చూసుకునే జాగ్రత్తలే. ఉదాహరణకు నాకు బాగా అలవాటైన బాపట్ల–చీరాల తీరాన్ని తీసుకున్నాను. వేరే తీరానికి వెళ్లినా ఇదే వరస పనికొస్తుంది.

1. ముందు దూరం చూడండి, తర్వాత బీచ్ పేరు

ఇంటి గడప నుంచి గది తలుపు దాకా ఎన్ని గంటలు పడుతుందో లెక్కేయండి. కారులో నాలుగు గంటలు దాటేటట్టుంటే, రెండు రోజుల ప్రయాణానికి కారు వద్దనే అంటాను. రాత్రి రైలెక్కి పొద్దున దిగడం మంచిది. హైదరాబాద్ నుంచి బాపట్లకు కారులో ఆరేడు గంటలు పడుతుంది. వెళ్లడానికో రోజు, రావడానికో రోజు పోతే సముద్రం ఎప్పుడు చూస్తారు?

మీ ఊరిని బట్టి ఇలా ఎంచుకోవచ్చు:

- గుంటూరు, ఒంగోలు, రాత్రి రైలైతే హైదరాబాద్: బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, రామాపురం
- విజయవాడ: మచిలీపట్నం దగ్గర మంగినపూడి, అవనిగడ్డ మీదుగా హంసలదీవి
- భీమవరం, రాజమండ్రి: నరసాపురం వైపు పేరుపాలెం, గోదావరి దాటితే అంతర్వేది
- నెల్లూరు, తిరుపతి: మైపాడు
- శ్రీకాకుళం, విజయనగరం: కళింగపట్నం, బారువ

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి ఈ తీరంలో చాలా ఊళ్లను కలుపుతుంది. మ్యాప్‌లో ఆ రోడ్డు పట్టుకుని చూస్తే మీకు దగ్గరి బీచ్ ఏదో తేలిపోతుంది. అలాగని రెండు రోజుల్లో మూడు బీచ్‌లు చుట్టేద్దామనుకోకండి.

హంసలదీవి, అంతర్వేది, కళింగపట్నం నది సముద్రంలో కలిసే చోట్లు. చూడ్డానికి ఎంత బాగుంటాయో, నీళ్లలో దిగడానికి అంత ప్రమాదం. నది ప్రవాహం ఒకవైపు, సముద్రపు పోటు ఇంకోవైపు లాగుతుంటాయి, లోతు ఉన్నట్టుండి మారిపోతుంది. పిల్లలు నీళ్లలో ఆడటమే ముఖ్యమైతే ఆ మూడూ పక్కన పెట్టేయండి. మంగినపూడిలో అడుగున నల్లమట్టి ఉంటుంది. కాలికి ఇసుక తగలాలని ఆశపడే పిల్లలు అక్కడ కాస్త నిరుత్సాహపడతారు.

ఇక మన మూడింటి సంగతి. సూర్యలంక బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. తీరం వెడల్పుగా, చక్కగా ఉంటుంది కానీ, ఆదివారం పగలంతా జాతరలా ఉంటుంది. సూర్యోదయానికి వెళ్తే మాత్రం మీదే రాజ్యం. వాడరేవు మత్స్యకారుల ఊరు. పడవలు, వలలు, చేపల వాసన అన్నీ ఉంటాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రామాపురం దాని దగ్గర్లోనే, పొద్దున నెమ్మదిగా నడవడానికి అనువుగా ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే నేను రామాపురం వైపే మొగ్గుతాను.

2. తేదీ: కేలెండర్ చూడకుండా టికెట్ కొనొద్దు

మన తీరానికి తుఫాన్ల భయం అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటివారాల దాకా ఎక్కువ. డిసెంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హాయిగా ఉంటుంది. మార్చిలో ఉదయం, సాయంత్రం ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పసిపిల్లలను, డెబ్భై దాటిన పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.

గోడమీది తెలుగు కేలెండర్ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది:

- కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి: సముద్ర స్నానాలకు వేలమంది వస్తారు. పుణ్యస్నానానికైతే వెళ్లండి, విశ్రాంతికైతే వద్దు.
- సంక్రాంతి మూడు రోజులూ, ఆ వెంటనే వచ్చే ఆదివారం: గదులు దొరకవు.
- ఏ అమావాస్యకైనా, పౌర్ణమికైనా అటూ ఇటూ రెండు రోజులు పోటు ఎక్కువగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు అష్టమి, నవమి దగ్గర వచ్చే వారాంతం చూసుకుంటే సముద్రం కొంత నిమ్మళంగా ఉంటుంది.
- ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం. తాజా చేపల కోసమే వెళ్లాలనుకుంటే ఆ 61 రోజులూ వదిలేయండి.

వీలైతే శని, ఆదివారాలు కాక ఆది, సోమవారాలు పెట్టుకోండి. ఒక్కరోజు సెలవు పెడితే చాలు. సోమవారం పొద్దున సూర్యలంకలో అలల చప్పుడు తప్ప ఇంకేం వినబడదు.

3. గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. ఫోన్ చేయండి. ఎలా అడుగుతామో దాన్నిబట్టే జవాబు వస్తుంది. "సముద్రం దగ్గరేనా అండీ?" అంటే ఎవరైనా "ఎదురుగానే అండీ" అంటారు. "గది తలుపు తీసుకుని బయల్దేరితే ఇసుక దాకా మా అమ్మ నడకన ఎన్ని నిమిషాలు?" అని అడగండి. అప్పుడు అసలు జవాబు వస్తుంది.

అడగాల్సినవి:

- కింది అంతస్తులో గది ఉందా? మెట్లెన్ని?
- వెస్ట్రన్ టాయ్‌లెట్ ఉందా? బాత్రూమ్ నేల జారుతుందా?
- కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా, ఫ్యాను, లైట్లకేనా?
- వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా?
- ఇసుకతో వచ్చినప్పుడు కాళ్లు కడుక్కోవడానికి బయట కుళాయి ఉందా?
- వంట అక్కడే ఉందా? పసిపిల్లకు పాలు కాచి ఇస్తారా?
- తెల్లవారి రైలు దిగి వస్తే గది ఇస్తారా? చెకిన్ టైము దాకా ఆగాలా?
- ఆ రోజుల్లో పెళ్లి గానీ, కంపెనీ పార్టీ గానీ ఉందా? రాత్రి డీజే పెడతారా?

ఈ చివరి రెండూ మర్చిపోవద్దు. ఒకసారి మేం ఉదయం అయిదున్నరకు చేరితే గది పన్నెండుకు గానీ ఇవ్వలేమన్నారు. మా అమ్మ ఆరున్నర గంటలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అప్పటి నుంచి తెల్లవారి చేరేటట్టుంటే ముందురోజు రాత్రికి కూడా అద్దె కట్టి గది తీసుకుంటున్నాం. ఒక రాత్రి అద్దె అదనం. కానీ ఆ పొద్దున స్నానం, రెండు గంటల నిద్ర దొరికితే మిగతా రెండు రోజులూ అందరి మొహాల్లో నవ్వుంటుంది.

సూర్యలంకలో పర్యాటక శాఖ రిసార్ట్ ఉంది. వాడరేవు, రామాపురం వైపు ప్రైవేటు రిసార్టులున్నాయి. ఏవీ దొరక్కపోతే చీరాల, బాపట్ల ఊళ్లలోనే లాడ్జి తీసుకుని రెండు పూటలా ఆటోలో వెళ్లి రావచ్చు. ఊళ్లో ఉంటే మందుల షాపు, డాక్టరు దగ్గర. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే నేనైతే ఊళ్లోనే ఉంటాను.

4. ప్రయాణం

బాపట్ల, చీరాల రెండూ విజయవాడ–గూడూరు రైలు మార్గంలోనే ఉన్నాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పెద్దవాళ్లకు లోయర్ బెర్తులు కావాలంటే ఆ మొదటి రోజే చేయండి. మీరెక్కే రైలు బాపట్లలో ఆగుతుందో, చీరాలలోనే ఆగుతుందో చూసి, దాన్నిబట్టి గది ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోండి. ముందు గది, తర్వాత రైలు అనుకుంటే తెల్లవారుజామున అనవసరపు ఆటో ప్రయాణం మిగులుతుంది.

తిరుగు రైలు ఆదివారం రాత్రికే తీసుకోండి. మధ్యాహ్నం రైలైతే ఆదివారం పొద్దంతా సామాను సర్దుకోవడంలోనే పోతుంది.

కారులో వచ్చేవాళ్లకు గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు, చిలకలూరిపేట నుంచి పర్చూరు మీదుగా చీరాలకు దారులున్నాయి. రాత్రిపూట ఊళ్ల మధ్య గేదెలు, లైట్లు లేని ట్రాక్టర్లు అడ్డొస్తాయి. చీకటి పడేలోపు చేరేలా బయల్దేరండి.

5. సంచి సర్దడం

మూడు సంచులు చేయండి. గదిలో ఉండేది ఒకటి, ఇసుకలోకి తీసుకెళ్లేది ఒకటి, మందుల సంచి ఒకటి. మందుల సంచి ఎప్పుడూ పెద్దవాళ్ల చేతికి అందేలా ఉండాలి.

ఇసుకలోకి తీసుకెళ్లే సంచిలో:

- రెండు పాత నూలు చీరలు. ఒకటి పరుచుకోవడానికి, ఇంకోటి బట్టలు మార్చుకునేటప్పుడు చాటు పట్టుకోవడానికి. ముదురు రంగువైతే మంచిది. తడిస్తే లేతరంగు చీర చాటు కాదు.
- మూత బిగుతుగా ఉండే అయిదు లీటర్ల నీళ్ల క్యాన్, కాళ్లు కడుక్కోవడానికి
- మడతపెట్టే కుర్చీ, దాని కాళ్ల కింద వేయడానికి చిన్న చెక్క పలక. లేకపోతే కుర్చీ కాళ్లు ఇసుకలోకి దిగి పెద్దవాళ్లు పడిపోతారు.
- టాల్కమ్ పౌడర్ డబ్బా
- పదిహేను మీటర్ల నైలాన్ తాడు
- టోపీలు, సన్‌స్క్రీన్, తాగే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ
- పది, ఇరవై, యాభై నోట్లు. సిగ్నల్ సరిగా లేకపోతే ఫోన్ పే ఆగిపోతుంది.
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి సంచి

పౌడర్ ఎందుకంటే, తడి ఒంటికి అంటిన ఇసుకను తువ్వాలుతో రుద్దితే పిల్లల చర్మం ఎర్రగా కందిపోతుంది. నీళ్లు పోస్తే మోకాళ్ల వెనక, వేళ్ల సందుల్లో ఇంకా మిగిలే ఉంటుంది. ముందు కాస్త ఆరనివ్వండి. పిడికెడు పౌడర్ చల్లి అరచేత్తో పైనుంచి కిందికి దులపండి. తడిని పౌడర్ పీల్చుకుని ఇసుక పొడిపొడిగా రాలిపోతుంది. మా చిన్నదానికి మూడేళ్లప్పుడు తువ్వాలు చూస్తేనే ఏడుపు. పౌడర్ మొదలుపెట్టాక తనే కాళ్లు చాపుతోంది.

మందుల సంచిలో బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు కాదు, నాలుగు రోజులకు సరిపడా పెట్టండి. ఓఆర్ఎస్ పొడి, వాంతుల మాత్ర, జ్వరం మందు, బ్యాండేజీ, దోమలకు ఓడోమాస్ కూడా. అలలు తగిలే చోట మందుల డబ్బా జిప్ కవర్లో ఉండాలి.

6. రెండు రోజుల వరస

శనివారం తెల్లవారి దిగగానే సముద్రానికి పరిగెత్తకండి. అందరూ పడుకోండి. తొమ్మిదింటికి టిఫిన్, తర్వాత ఊళ్లో ఏదైనా పని. సాయంత్రం నాలుగున్నరకు సముద్రం. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు మన వెనక, ఊరి వైపు అస్తమిస్తాడు. అంచేత వెలుతురు త్వరగా తగ్గుతుంది. ఆరింటికల్లా నీళ్లలోంచి అందరూ బయటికి రావాలి. చీకట్లో నిర్మానుష్యంగా ఉన్న తీరంలో కుటుంబంతో కూర్చోవడం మంచిది కాదు. తాగే గుంపులు చేరేదీ అప్పుడే.

రాత్రి తొమ్మిదింటికి పడుకోవాలి. ఆదివారం పొద్దున కోసం ఇది తప్పదు.

ఆదివారం అయిదింటికి లేవండి. చలికాలంలో ఆరున్నర దాటాక సూర్యోదయం. అరగంట ముందే తీరంలో ఉంటే ఆకాశం రంగులు మారడం చూడొచ్చు. పిల్లలను నిద్రలేపడానికి గొడవపడకండి. దుప్పటితో సహా ఎత్తుకెళ్లి ఇసుకలో పడుకోబెట్టండి, అలల చప్పుడుకు వాళ్లే లేస్తారు. ఎనిమిదిన్నరకల్లా గదికి తిరిగి రండి. మీరు వస్తుంటే ఎదురుగా బస్సులు, కార్లు బీచ్‌కి వెళ్తూ కనబడతాయి.

పగలు ఎక్కడికీ వెళ్లకపోయినా ఫరవాలేదు. కాళ్లాగనివాళ్లకు బాపట్లలో భావనారాయణస్వామి గుడి ఉంది. చీరాలలో నేతచీరల కొట్లున్నాయి. వేటపాలెం జీడిపప్పుకు పేరు, అక్కడే 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పుస్తకాలు చదివే పెద్దవాళ్లుంటే ముందుగా ఫోన్ చేసి, తెరిచి ఉంటుందని తెలుసుకుని తీసుకెళ్లండి. ఈ నాలుగింటిలో ఒక్కటే, అదీ రెండు గంటలు మించకుండా.

7. నీళ్లలో దిగే ముందు

దయచేసి ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించండి. సూర్యలంక, వాడరేవు, రామాపురం తీరాల్లో సరదాగా వచ్చి మునిగిపోయిన పిల్లల, కుర్రాళ్ల వార్తలు ఏటా చదువుతున్నాం. అలాంటివి జరిగినప్పుడు పోలీసులు కొన్నాళ్లు బీచ్ మూసేస్తారు కూడా. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

రెండు రోజుల ముందు: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి హెచ్చరికలు ఇస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్ కూడా చూడండి. "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్నారంటే, రేవుల్లో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేశారంటే ప్రయాణం మానుకోండి. పుట్టినప్పటి నుంచి సముద్రంలో ఉన్నవాళ్లే వెళ్లని రోజు మనకెందుకు?

తీరానికి చేరగానే: పది నిమిషాలు ఎవరూ దిగకూడదు. నిలబడి నీళ్లను చూడండి. అలలు వరసగా విరిగి నురగ కడుతూ వస్తుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం అల విరగదు, నురగ ఉండదు. నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనబడతాయి. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోయే దారి అదే. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అడుగున కాలువలా లోతుగా ఉంటుంది, మనిషిని లోపలికి లాక్కుపోతుంది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు కనబడితే "బాబాయ్, ఎక్కడ దిగొచ్చు? ఎక్కడ లాగుతుంది?" అని అడగండి. ఏ బోర్డూ చెప్పనంత వివరంగా చెప్తారు. ఆ గుంట నిన్న ఒకచోట ఉంటే ఇవాళ ఇంకోచోట ఉండొచ్చు. అందుకే ప్రతి పూటా అడగాలి.

దిగేటప్పుడు పాటించాల్సినవి:

- పిల్లలు వాళ్ల మోకాళ్ల లోతు దాటకూడదు, ఈత రాని పెద్దవాళ్లు కూడా వాళ్ల మోకాళ్ల దాకానే. నడుం లోతుకు వెళ్తే వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను కోసేస్తుంది.
- ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, చెయ్యి చాపితే అందేంత దూరంలో.
- ఒడ్డున ఒకరు కాపలా. ఇరవై నిమిషాలకొకరు మారాలి. కాపలాలో ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. సముద్రానికి వీపు పెట్టి ఎవరూ ఫొటోలు దిగకూడదు.
- పిల్లలకు నారింజ, గులాబీ లాంటి కొట్టొచ్చే రంగు బట్టలు. నీలం, తెలుపు నీళ్లలో, నురగలో కలిసిపోతాయి.
- గాలి ఊదిన ట్యూబులు, బాతుబొమ్మలు సముద్రంలో వద్దు. ఒడ్డు నుంచి వీచే గాలికి అవి పిల్లతో సహా లోపలికి పోతాయి.
- మందు తాగినవాళ్లు నీళ్లలో దిగకూడదు. బావగారైనా సరే, మొహమాటం వద్దు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే: వెంటనే ఇంకొకరు దూకకండి. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. ఆ అయిదు లీటర్ల క్యాన్ ఖాళీ చేసి, మూత బిగించి, తాడుకు కట్టి విసరండి. అది పట్టుకుంటే మనిషి తేలతాడు. గట్టిగా కేకలేసి మత్స్యకారులను పిలవండి, 112కు ఫోన్ చేయండి. లాగుతున్నది మిమ్మల్నే అయితే ఒడ్డు వైపు ఈది అలిసిపోకండి. వెల్లకిలా తేలండి, చెయ్యి ఊపండి. ఓపిక ఉంటే తీరం వెంబడి పక్కకు ఈదండి. ఆ పాయ దాటాక అలలే ఒడ్డుకు తోస్తాయి. బయటికి తీసినవాళ్లు మామూలుగా కనబడినా 108 పిలిచి ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కొన్ని గంటల తర్వాత ఊపిరాడక ఇబ్బంది పడొచ్చు.

జెల్లీఫిష్ తగిలితే: మంచినీళ్లతో కడగకండి, ఇసుకతో రుద్దకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను పుల్లతో తీసేయండి. ఊపిరి ఇబ్బంది, ఛాతీ నొప్పి, ఒళ్లంతా దద్దుర్లు ఉంటే ఆసుపత్రికి. ఒడ్డున చచ్చిపడినవి కూడా కుడతాయి, పిల్లలను ముట్టుకోనివ్వకండి.

సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. ఆ కంచె వైపు వెళ్లడం, డ్రోన్ ఎగరేయడం చేయకండి.

చలికాలం ఆఖరులో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట కనబడితే టార్చి ఆర్పేసి దూరంగా నిలబడండి. పిల్లలకు జీవితాంతం గుర్తుండిపోతుంది.

8. తిండి

చేపలు, రొయ్యలు తినాలంటే శనివారం ఉదయమే వంటవాళ్లకు చెప్పండి. అప్పటికప్పుడు అడిగితే ఫ్రిజ్‌లోవి వేపుతారు. ఇంకా మంచి పద్ధతి, పొద్దున వాడరేవులో పడవలు వచ్చేటప్పుడు మీరే కొనుక్కుని, వండి పెట్టమని అడగడం. ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. వంజరం, చందువ, పండుగప్ప ఏదైనా కన్ను మెరుస్తూ ఉబ్బి ఉండాలి, మొప్ప లోపల ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు.

పిల్లలకు, పెద్దవాళ్లకు కారం తక్కువగా వేరే వండమనండి. కోస్తా కారం హైదరాబాద్ పిల్లలకు పడదు. ఇంటి నుంచి పులిహోర, దద్దోజనం తెచ్చుకుంటే మొదటి పూట గడిచిపోతుంది. బీచ్‌లో బజ్జీలు కళ్లముందు నూనెలోంచి తీసినవైతేనే తినండి. కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు.

9. ఎక్కువమంది చేసే పొరపాట్లు, వాటికి మార్గం

కారును ఇసుకలోకి తోలడం. చక్రం దిగబడ్డాక యాక్సిలేటర్ తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. వెంటనే ఆపండి. అందరూ దిగి, చక్రాల ముందు ఇసుక చేత్తో తీసి, కారులోని ఫుట్‌మ్యాట్లు తిరగేసి చక్రాల కింద దూర్చండి. టైర్లలో గాలి కొంత తగ్గించి, మెల్లగా కదిలించండి. కదలకపోతే ఊళ్లో ట్రాక్టర్ అడగండి. పోటు పెరిగేలోపు తీయాలి, ఆలస్యం చేయొద్దు.

పెద్దవాళ్లను గదిలో వదిలేయడం. "నాకెందుకులే, మీరు వెళ్లిరండి" అంటారు. నమ్మకండి. పొడి ఇసుకలో మోకాళ్లు సహకరించవు కాబట్టే అలా అంటారు. అల వచ్చిపోయిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దానిమీద నడిపించండి. అక్కడికి చేరేదాకా ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే చాలు. మా అమ్మ మొదటిసారి అల పాదాలకు తగలగానే ఆగిపోయి, చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, ఇంకో అల వచ్చేదాకా కదల్లేదు.

పిల్లలు తప్పిపోవడం. ఇసుకలో అందరి గొడుగులూ ఒకలాగే ఉంటాయి. చేరగానే వెనక్కి తిరిగి ఒక గుర్తు చూపించండి, నీళ్ల ట్యాంకో, ఎత్తయిన కొబ్బరిచెట్టో. ముంజేతి మీద బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబరు రాయండి.

అనుకున్నవన్నీ జరగాలని పట్టుబట్టడం. ముసురు పట్టిందా, వరండాలో కూర్చుని వేడి పకోడీలు తింటూ అష్టాచెమ్మా ఆడండి. ఒక పిల్లకు జ్వరం వస్తే ఒకరు గదిలో ఉండండి, మిగతావాళ్లు వెళ్లండి. అందరూ ఒకేసారి అన్నీ చేయాలనుకున్నప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

10. తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

గది వదిలే ముందు మంచం కింద, బాత్రూమ్ మేకుల మీద, ఫ్రిజ్‌లో చూడండి. ఇన్సులిన్ అక్కడే మర్చిపోతారు. తడిబట్టలు విడిగా కవర్లో కట్టండి.

ఇంటికి చేరాక బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేయకండి. డాబా మీద ఎండలో ఆరేసి, పూర్తిగా ఎండాక దులపండి. జేబులు తిరగేసి చూడండి, గుప్పెడు గవ్వలైనా ఉంటాయి. తర్వాత బకెట్లో ఒకసారి జాడించి, ఆ నీళ్లు మొక్కల్లో కాకుండా బయట పారబోయండి. కారు కింది భాగం రెండు మూడు రోజుల్లోపు మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుకి తుప్పు పడుతుంది. చెప్పులు కూడా కడిగి నీడలో ఆరబెట్టండి.